రేడియోను కంపైల్ చేసుకోవడం

సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలో పరికరం చేసే పని తక్కువ, ప్రోగ్రాము చేసే పని ఎక్కువ. యాంటెనాకు తగిలిన తరంగాన్ని ఒక చిన్న డాంగిల్ అంకెలుగా మార్చి యూఎస్‌బీ గుండా కంప్యూటర్‌కు అందిస్తుంది. కావలసిన స్టేషన్‌ను వేరు చేయడం, అందులోంచి మాటనో డేటానో బయటికి తీయడం, స్పీకర్‌కు పంపడం కంప్యూటర్ వంతు. పాత రేడియోలో కాయిళ్లు, కెపాసిటర్లు చేసిన పనిని ఇక్కడ సీ, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలు చేస్తాయి. కాబట్టి లినక్స్ మీద ఆ లైబ్రరీలను సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసుకోవడం కూడా రేడియో తయారీలో భాగమే. వినడానికి ముందు ఎలాగోలా గట్టెక్కాల్సిన చాకిరీగా దాన్ని చూసేవాళ్లు చాలామంది. ఈ యంత్రం లోపల ఏముందో అర్థమయ్యేది మాత్రం ఆ చాకిరీలోనే.

ఈ విద్య సామాన్యుడి చేతికి వచ్చింది 2012లో. రియల్‌టెక్ వారి ఆర్‌టీఎల్2832యూ చిప్‌తో, డిజిటల్ టీవీ చూడటానికి అమ్మే చవక డాంగిల్ ముడి శాంపిళ్లను కూడా పంపగలదని ఆంటీ పలోసారి అనే డెవలపర్ గమనించారు. ఓస్మోకామ్ బృందం దాని కోసం లిబ్ ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ అనే లైబ్రరీ రాసింది. ఆర్820టీ ట్యూనర్ ఉన్న డాంగిల్ సుమారు 24 మెగాహెర్ట్జ్ నుంచి 1,766 మెగాహెర్ట్జ్ దాకా వింటుంది. సెకనుకు 24 లక్షల శాంపిళ్ల వేగంతో నడిపినప్పుడు, శాంపిల్‌కు రెండు బైట్ల చొప్పున 48 లక్షల బైట్లు ప్రతి సెకనూ కంప్యూటర్‌లోకి వస్తాయి.

ఆ బైట్లు చెవికి చేరేలోపు చాలా చేతులు మారతాయి. అన్నిటికన్నా కింద లినక్స్ కెర్నల్. దాని మీద లిబ్‌యూఎస్‌బీ. ఆపైన డాంగిల్ లైబ్రరీ. దానికీ గ్నూ రేడియోకూ మధ్య జీఆర్ ఓస్మో ఎస్‌డీఆర్ అనే వారధి. 2001లో మొదలైన గ్నూ రేడియో వడపోతలు, డీమాడ్యులేషన్ వంటి లెక్కలన్నీ చూసుకుంటుంది. అన్నిటికన్నా పైన, తెర మీద కనిపించే జీక్యూఆర్‌ఎక్స్ లాంటి రిసీవర్ ప్రోగ్రాము. ఎర్రర్ దాదాపు ఎప్పుడూ పై మెట్టులో కనిపిస్తుంది. కారణం రెండు మూడు మెట్ల కింద ఉంటుంది. ఈ పనిలో నేర్పంతా ఆ దూరాన్ని కొలవడంలోనే ఉంది.

మొదట తేల్చుకోవలసింది అసలు కంపైల్ చేయాలా వద్దా అన్నది. డెబియన్, ఉబుంటు, ఫెడోరాల్లో ఈ సాఫ్ట్‌వేర్ అంతా తయారు ప్యాకేజీలుగా దొరుకుతుంది. ఎఫ్‌ఎం వినడానికి అది చాలు. కొత్త హార్డ్‌వేర్ వచ్చినప్పుడే చిక్కు. 2023లో వచ్చిన ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ బ్లాగ్ వీ4 డాంగిల్‌లో ఆర్828డీ ట్యూనర్ ఉంది. పాత ప్యాకేజీల్లోని లైబ్రరీకి ఆ అమరిక తెలియదు. డాంగిల్ కనబడుతుంది, ప్రోగ్రాము నడుస్తుంది, స్టేషన్ మాత్రం సరిగ్గా దొరకదు. అలాంటప్పుడు కొత్త సోర్స్ తెచ్చి కంపైల్ చేయక తప్పదు.

కంపైల్‌కు ముందు సీమేక్ ప్రోగ్రాము కంప్యూటర్‌లో ఏమున్నాయో వెతుకుతుంది. ఇక్కడ కొత్తవారిని తికమక పెట్టేది డెవ్ ప్యాకేజీల సంగతి. లిబ్‌యూఎస్‌బీ ఇన్‌స్టాల్ అయి ఉన్నా అది దొరకలేదని సీమేక్ అంటుంది. నడిచే ప్రోగ్రాములకు లైబ్రరీ ఒక్కటే చాలు, కంపైలర్‌కు దాని హెడర్ ఫైళ్లు కూడా కావాలి. డెబియన్ సంప్రదాయంలో అవి డెవ్ అనే తోకతో వేరే ప్యాకేజీగా ఉంటాయి. దాన్ని తెచ్చుకుంటే ఆ అడ్డు తొలగుతుంది.

సీమేక్ చెప్పే ప్రతి ‘నాట్ ఫౌండ్’కూ కంగారు పడనక్కర్లేదు. ఏదో ఒక హెడర్ ఈ వ్యవస్థలో ఉందా లేదా అని అది కేవలం పరీక్షిస్తూ ఉండవచ్చు. భయపడాల్సింది మౌనంగా జరిగే నష్టానికి. జీఆర్ ఓస్మో ఎస్‌డీఆర్‌ను కాన్ఫిగర్ చేసేటప్పుడు డాంగిల్ లైబ్రరీ హెడర్లు దొరకకపోతే సీమేక్ ఆగిపోదు. ఆ డాంగిల్‌కు సంబంధించిన భాగాన్ని పక్కన పెట్టి ముందుకు సాగుతుంది. కంపైల్ విజయవంతంగా ముగుస్తుంది, ఇన్‌స్టాల్ కూడా అవుతుంది. తీరా నడిపితే డాంగిల్ లేదంటుంది. చివర్లో సీమేక్ అచ్చువేసే ఎనేబుల్డ్, డిసేబుల్డ్ జాబితాలను చదివితే ఈ సంగతి ముందే తెలుస్తుంది. అందరూ దాటేసే ఆ పది పదిహేను పంక్తులే ఈ మొత్తం వ్యవహారంలో అతి విలువైనవి.

సీమేక్ తాను కనుగొన్నవన్నీ బిల్డ్ ఫోల్డర్‌లోని క్యాష్ ఫైలులో రాసి పెట్టుకుంటుంది. లేని ప్యాకేజీ తెచ్చాక కూడా పాత సమాధానమే వస్తుంటే, బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది. మరో చిక్కు 2025లో సీమేక్ 4తో వచ్చింది: 3.5 కన్నా పాత సీమేక్ చాలునని తమ ఫైల్లో రాసుకున్న ప్రాజెక్టులను అది అంగీకరించదు. పట్టించుకునేవారు లేక ఏళ్లుగా మారని రేడియో డీకోడర్లు దీంతో ఒక్కసారిగా ఆగిపోయాయి. కనీస పాలసీ వెర్షన్‌ను 3.5గా కమాండ్‌లోనే చెబితే చాలావరకు పని జరుగుతుంది.

ఇక కంపైల్‌ను నడిపించే మేక్. తెర మీద ఎర్రర్లు వరదలా పారినప్పుడు కళ్లు చివరి పంక్తి మీద పడతాయి; అందులో మేక్ ఆగిపోయిందన్న వార్త తప్ప ఏమీ ఉండదు. పైకి వెళ్లి మొదటి ఎర్రర్ పట్టుకోవాలి. తర్వాతివి చాలావరకు దాని పిల్లలే. నాలుగైదు ఫైళ్లు ఒకేసారి కంపైల్ అవుతుంటే వాటి మాటలు కలగాపులగం అవుతాయి కనుక, దోషం వెతికేటప్పుడు ఒక్కొక్కటిగా నడపడం ఉత్తమం. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డుల మీద గ్నూ రేడియోను కంపైల్ చేసేటప్పుడు దానికి ఇంకో కారణం కూడా ఉంది. కంపైలర్ ‘కిల్డ్’ అంటూ ఆగితే అది కోడ్‌లో తప్పు కాదు: మెమరీ చాలక కెర్నలే దాన్ని చంపింది. కెర్నల్ లాగ్‌లో ఆ విషయం స్పష్టంగా ఉంటుంది. సమాంతర పనులు తగ్గించి, స్వాప్ పెంచితే, గంటలు పట్టినా పని పూర్తవుతుంది.

ఇన్‌స్టాల్ అయిన వెంటనే ప్రోగ్రాము నడిపితే, ఇప్పుడే పెట్టిన లైబ్రరీ ఫైలు తెరవలేకపోతున్నానని అది అనవచ్చు. లినక్స్ లోడర్ లైబ్రరీల చిట్టాను దగ్గర పెట్టుకుంటుంది. ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే ఆ చిట్టా తాజా అవుతుంది. ఫెడోరాలో సొంత బిల్డ్‌లు చేరే లోకల్ లిబ్64 ఫోల్డర్ మామూలుగా ఆ వెతుకులాటలో ఉండదు, దాన్ని విడిగా చేర్చాలి.

తర్వాత డాంగిల్ దగ్గర రెండు ఎర్రర్ అంకెలు ఎదురవుతాయి. మైనస్ 3 అంటే పరికరాన్ని తెరవడానికి వాడుకరికి అనుమతి లేదు. మైనస్ 6 అంటే పరికరాన్ని ఇంకెవరో పట్టుకుని ఉన్నారు. మొదటిదానికి సోర్స్‌తో పాటు వచ్చే యూడెవ్ రూల్స్ ఫైలును ఇన్‌స్టాల్ చేసి, రూల్స్ మళ్లీ చదివించి, డాంగిల్ తీసి పెట్టాలి. సుడోతో నడిపితే వెంటనే పని చేస్తుంది కనుక చాలామంది అక్కడితో ఆగిపోతారు. అది చెడ్డ అలవాటు. ఇంటర్నెట్ నుంచి తెచ్చిన డీకోడర్‌కు కంప్యూటర్ మొత్తం అప్పగించడమే కాక, ఆ తర్వాత పుట్టే ఫైళ్లన్నీ రూట్ సొత్తై కొత్త ఎర్రర్లు తెస్తాయి. రెండోదానికి కారణం తరచుగా కెర్నలే: అది డాంగిల్‌ను టీవీ ట్యూనర్ అనుకుని తన సొంత డ్రైవర్ తగిలిస్తుంది. ఆ మాడ్యూల్‌ను బ్లాక్‌లిస్టులో పెట్టవచ్చు, లేదా కంపైల్ చేసేటప్పుడే కెర్నల్ డ్రైవర్‌ను విడదీసే ఆప్షన్ ఇవ్వవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది ఒకే లైబ్రరీ రెండు కాపీలుగా ఉండటం. ప్యాకేజీ నుంచి వచ్చింది ఒకటి, సొంతంగా కంపైల్ చేసింది మరొకటి. హెడర్ ఒకదానిది, లైబ్రరీ మరొకదానిది కలిస్తే ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అని వస్తుంది. అదీ రాకుండా పాత లైబ్రరీయే మౌనంగా పని చేస్తుంటే కొత్త డాంగిల్ ఎందుకు వినదో బోధపడదు. ప్రోగ్రాము ఏ ఫైలును వాడుతోందో ఎల్‌డీడీ చూపిస్తుంది. కారణం ఊహించడానికి ముందే ఆ కమాండ్ నడపాలి.

గ్నూ రేడియో విషయంలో వెర్షన్ అంకె మీద అన్నీ ఆధారపడతాయి. 2019లో వచ్చిన 3.8 పైథాన్ 3కు దారి తెరిచింది, డబ్ల్యూఎక్స్ విండోలు వదిలేసింది, బ్లాకుల వివరణలను ఎక్స్‌ఎంఎల్ నుంచి యామ్‌ల్‌కు మార్చింది. 2021 నాటి 3.9, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను పైథాన్‌కు కలిపే స్విగ్‌ను తీసేసి పైబైండ్11 తెచ్చింది. 2022లో 3.10. ఒక్కో అడుగులో బయటివారు రాసిన మాడ్యూళ్లు కొన్ని వెనకబడిపోయాయి. అలాంటి మాడ్యూల్ తెచ్చినప్పుడు మెయిన్ బ్రాంచ్ కాక, మన గ్నూ రేడియో వెర్షన్ అంకె పేరులో ఉన్న మెయింట్ బ్రాంచ్ ఉందేమో చూడాలి. 3.7 కోసం రాసిన కోడ్‌ను 3.10 మీద బలవంతంగా కంపైల్ చేయబోవడం కన్నా ఎవరైనా దాన్ని ముందుకు తెచ్చారేమో వెతకడం మేలు. కంపైల్ అయ్యాక కూడా పైథాన్‌కు ఆ మాడ్యూల్ దొరకకపోతే, అది సైట్ ప్యాకేజెస్‌లో పడిందా, డెబియన్ చూసే డిస్ట్ ప్యాకేజెస్‌లో పడిందా అని గమనించాలి.

అన్నీ కుదిరాక పరీక్షను కింది మెట్టు నుంచే మొదలుపెట్టాలి. ఆర్‌టీఎల్ టెస్ట్ నడిపితే ట్యూనర్ పేరు చెబుతుంది, దారిలో బైట్లు పోతుంటే అదీ చెబుతుంది. ఆగకుండా పోతుంటే యూఎస్‌బీ హబ్‌నూ తీగనూ అనుమానించాలి, లేదా శాంపిల్ వేగం తగ్గించాలి. తర్వాత బలమైన ఎఫ్‌ఎం స్టేషన్ ఒకటి. హైదరాబాద్‌లో ఆకాశవాణి రెయిన్‌బో 101.9 అందుకు బాగా పనికొస్తుంది; గ్నూ రేడియో అవసరం లేకుండానే ఆర్‌టీఎల్ ఎఫ్‌ఎం దాన్ని వినిపించగలదు. అక్కడ మాట వినిపించి జీక్యూఆర్‌ఎక్స్‌లో వినిపించకపోతే దోషం పై మెట్లలో ఉన్నట్టు.

స్టేషన్ కాస్త పక్కకు కనిపిస్తే అది కంపైల్ తప్పు కాదు. చవక డాంగిల్ క్రిస్టల్‌లో పది లక్షలకు 50 వంతుల (50 పీపీఎం) తేడా ఉండవచ్చు. 101.9 దగ్గర అది 5 కిలోహెర్ట్జ్ మాత్రమే, వెడల్పైన ఎఫ్‌ఎంలో తెలియదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మాట్లాడే 145.800 మెగాహెర్ట్జ్ దగ్గర అదే తేడా 7 కిలోహెర్ట్జ్ దాటి, సన్నని ఛానెల్‌ను చెడగొడుతుంది. డాంగిల్ వేడెక్కనిచ్చి, ఆర్‌టీఎల్ టెస్ట్‌ను పీపీఎం లెక్కింపులో అంకె నిలకడ పడేదాకా నడిపి, ఆ అంకెను రిసీవర్‌లోని ఫ్రీక్వెన్సీ కరెక్షన్‌లో వేయాలి. ఆ కొలత కంప్యూటర్ గడియారంతో పోల్చి తీసుకున్నది కనుక, ఫ్రీక్వెన్సీ ముందే తెలిసిన స్టేషన్ మీద మరోసారి సరిచూసుకోవడం అవసరం.