గార్డినర్ మేనమామ

ఈ వారం నన్ను బాగా సంతోషపెట్టింది మా వీధిలో ఒక అవ్వ వేసిన ప్రశ్న. ఆమె మనవరాలు మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది. పరీక్షకు జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ఉందట. చదివిన కథ గుర్తుండాలని అవ్వకు వినిపిస్తోంది. కథానాయకుడు డార్సీ తల్లీ, లేడీ కేథరిన్ తోబుట్టువులు. పిల్లలు ఉయ్యాలలో ఉన్నప్పుడే నీ కొడుక్కి నా కూతురని అక్కచెల్లెళ్లిద్దరూ అనుకున్నారు. కథ అక్కడికి రాగానే అవ్వ ఆపేసింది. “అదేంది పాపా, అక్కచెల్లెండ్ల బిడ్డలంటే అన్నాచెల్లెలే గదా! వాళ్లకు పెండ్లి ఎట్ల చేస్తారు?”

ఇంట్లో వరసలు తెలిసిన మనిషి ఒకరైనా ఉండాలని ఈ కాలమ్‌లో నేను ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. 1915లో బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ పెట్టిన నాటి నుంచి ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న ఊరు మాది. జేమ్స్ కజిన్స్ లాంటి ఐరిష్ కవి ఇక్కడ పాఠాలు చెప్పాడు. ఆ నవలలో ప్రేమ, అహంకారం, ఆస్తి గురించి నేనూ చాలా విన్నాను, చాలా చదివాను. అవ్వ పట్టుకున్న చోటు మాత్రం నాకెవరూ చూపలేదు. ఆ రాత్రే పుస్తకం తీసి, మన వరసలతో మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను.

మొదట కాలిన్స్. బెన్నెట్ దంపతులకు ఐదుగురూ ఆడపిల్లలే. మగ వారసుడికే చెందాలన్న కట్టుబాటు వల్ల లాంగ్‌బోర్న్ ఆస్తి తండ్రి తర్వాత ఈ కాలిన్స్‌కు పోతుంది. అతని తండ్రికీ బెన్నెట్‌కూ పాత తగాదా కూడా ఉంది. మన లెక్కలో దాయాది. కథానాయిక ఎలిజబెత్‌కు అన్నో చిన్నాన్నో అవుతాడు. అతను వచ్చి, ఆస్తి ఎలాగూ నాదే కాబట్టి మీలో ఒకరిని చేసుకుని ఆ లోటు తీరుస్తానంటాడు. ఇంగ్లండులో అది ఔదార్యం. పుంగనూరులో అయితే ఆ మాట పూర్తికాకముందే పెద్దలు లేచి నిలబడేవారు. ఆస్టిన్ మరో నవల, 1814లో వచ్చిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఫ్యానీ, ఎడ్మండ్ అక్కచెల్లెళ్ల పిల్లలే. పైగా ఒకే ఇంట్లో పెరిగారు. చివరకు వాళ్లిద్దరికీ పెళ్లి చేసింది ఆస్టిన్. ‘ఎమ్మా’లో కొంచెం ఊపిరి ఆడుతుంది. ఎమ్మా చేసుకున్నది అక్క భర్తకు అన్నను. ఒక ఇంటి అన్నదమ్ములకు ఒక ఇంటి అక్కచెల్లెళ్లు. ఇంతకన్నా కుదిరిన వరస మన దగ్గరా లేదు.

అసలైన మేనరికం మాత్రం ఆస్టిన్ సొంత ఇంట్లోనే జరిగింది. ఆమె అన్న హెన్రీ 1797లో మేనత్త కూతురు ఎలైజాను పెళ్లి చేసుకున్నాడు. ఎలైజా అతనికన్నా పదేళ్లు పెద్ద; మొదటి భర్త ఫ్రెంచి విప్లవంలో గిలెటిన్ కింద పోయాడు. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని చేసుకోవడం దక్షిణాది ఆచారమని బౌధాయనుడు ధర్మసూత్రాల్లో ప్రత్యేకంగా చెప్పాడు. కుప్పం వైపు వెళ్తే తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే ఇళ్లు మూడింటిలోనూ ఈ లెక్క ఒకటే.

ఇలా వరసలు కట్టుకుంటూ పోతుంటే, ఇన్నేళ్లుగా నేను పట్టించుకోని మనిషి ఒకడు ముందుకొచ్చాడు. గార్డినర్. బెన్నెట్ భార్యకు సోదరుడు, లండన్‌లో గ్రేస్‌చర్చ్ వీధిలో ఉండే వ్యాపారి. అంటే ఆడపిల్లలకు మేనమామ. మనసు విరిగిన పెద్దమ్మాయి జేన్‌ను లండన్ తీసుకెళ్లి తన ఇంట్లో పెట్టుకున్నది ఆ దంపతులే. విక్‌హామ్ అనే యువకుడి విషయంలో జాగ్రత్త అని ఎలిజబెత్‌ను హెచ్చరించింది గార్డినర్ భార్య, అంటే అత్త. ఎలిజబెత్‌ను డెర్బీషైర్ తీసుకెళ్లిందీ వాళ్లే. డార్సీ ఇల్లు ఆమె చూసింది ఆ ప్రయాణంలోనే. పదహారేళ్ల చిన్న చెల్లెలు లిడియా విక్‌హామ్‌తో వెళ్లిపోతే లండన్ అంతా వెతికించి, తన ఇంటి నుంచి పెళ్లికి పంపి, చర్చిలో అప్పగించింది మేనమామ. డబ్బు కట్టింది డార్సీ అయినా, ఆ మాట బయటికి రాకుండా పేరు మోసింది గార్డినర్. నవల ముగింపు మాట కూడా ఈ దంపతుల మీదే. డార్సీ, ఎలిజబెత్ వాళ్లిద్దరి పట్ల ఎంత కృతజ్ఞతగా ఉన్నారో చెప్పి ఆస్టిన్ కలం పెట్టేసింది. మన పెళ్లిలో వధువును గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చేది మేనమామే కదా. ఆస్టిన్ తెలియకుండానే మన కథ రాసిందని ఉత్సాహంగా నోట్సు రాసుకున్నాను. ఈ కాలమ్ అక్కడే ముగియాల్సింది.

కానీ బడిలో మా తరగతిలో చదివిన ఒక అమ్మాయి గుర్తొచ్చింది. లెక్కల్లో మా అందరికన్నా ముందుండేది. పదో తరగతి అయ్యాక చదువు ఆపేశారు. ఇల్లు పేదది కాదు, తండ్రికి చదువంటే కోపమూ లేదు. తల్లికి తమ్ముడు ఉన్నాడు, అంతే. మా ప్రాంతంలో అక్కకూతురి మీద మేనమామకు హక్కు. బయటి సంబంధం చూసే ముందు అతన్ని అడగాలి. అడగకపోతే పుట్టింటితో రాకపోకలు తెగిపోతాయి. అతను చెడ్డవాడు కాదు, ఆమెను బాగానే చూసుకున్నాడు. అయినా ఆ పిల్లకు లెక్కలు ఇష్టమా, పై చదువు కావాలా అని అడిగే మనిషి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. మామూలుగా అయితే ఆ మాట అడగాల్సింది మేనమామ. ఆ మేనమామే పెళ్లికొడుకయ్యాడు.

గార్డినర్ అడగగలిగాడు. ఇంగ్లండు చర్చి 1563 నాటి పట్టికలో మేనమామ, మేనకోడళ్ల పెళ్లిని నిషేధించింది. అతని కొడుకులు కూడా చిన్నపిల్లలు, కోడలిగా అడిగే అవకాశమూ లేదు. ఎలిజబెత్ ఎవరిని చేసుకున్నా అతనికి కలిసొచ్చేది, పోయేది ఏమీ లేదు. అందుకే ఆమె అతనితో ఊళ్లు తిరగగలిగింది. మన 1955 హిందూ వివాహ చట్టం కూడా ఈ పెళ్లిని నిషిద్ధ వరసల్లోనే పెట్టింది. ఆచారం ఉన్నచోట మాత్రం వదిలేసింది. మేనరికాలను, అక్కకూతురి పెళ్లిళ్లతో కలిపి, బంధువర్గాన్ని నిలబెట్టే గొప్ప ఏర్పాటుగా నేను మెచ్చుకుంటూ వచ్చాను. బావామరదళ్ల సంగతి ఏమోగానీ, అక్కకూతురి పెళ్లి విషయంలో ఇక ఆ మాట అనలేను. డాక్టర్లు చెప్పే కారణాలు ఉన్నాయి, వాటికి ముందే ఇది ఉంది: పిల్లకు అండగా ఉండాల్సిన ఒక్క మనిషినీ ఆ పెళ్లి తీసేసుకుంటుంది.

ఇప్పుడు మా వైపు బెంగళూరులో పనిచేస్తూ మేనకోడలి ఫీజు కట్టే మేనమామలు కనిపిస్తున్నారు. అక్కాబావలు పెళ్లి తొందర పెడితే, ఇంకో రెండేళ్లు చదవనీండని ఎదురు నిలిచేవాళ్లూ ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి మేనమామ ఉంటే నాకు రాయండి. పేరు అక్కర్లేదు. ఆ పిల్ల ఏం చదువుతోందో, పెళ్లి మాటొచ్చినప్పుడు ఆయన ఏమన్నాడో రాస్తే చాలు.