ఫాదర్ కాదు, బ్రదర్

పొద్దున ఎనిమిది కొట్టకముందే సుబేదారిలో మా ఇంటి ముందు నుంచి కాజీపేట దిక్కు ఆటోలు బారులు కడతాయి. ఒక్కో ఆటోలో మోయగలిగిన దానికి రెండింతల పిల్లలు, బయటికి వేలాడే బ్యాగులు, చేతిలో సగం తిన్న ఇడ్లీ. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ గోల చెవిన పడితే గాని నాకు చాయ్ రుచించదు. అందులో కొన్ని ఆటోలు ఫాతిమానగర్‌లో ఆగుతాయి, సెయింట్ గాబ్రియల్ హైస్కూల్ ముందు. ఊళ్లో అందరూ అనేది ఉత్త ‘గాబ్రియల్’ అనే. మగపిల్లల బడి. 1955లో పెట్టారు.

నా కొడుకు ఆ బడిలోనే చదివాడు. వాడు ఇంటికి వచ్చి ‘మా బ్రదర్ ఇట్ల అన్నడు, అట్ల అన్నడు’ అంటుంటే మా అమ్మకు చివరిదాకా పొసగలేదు. తెల్ల అంగీ తొడిగిన ప్రతి మనిషీ ఆమె లెక్కలో ఫాదరే. “అంత పెద్దమనిషిని పట్టుకొని బ్రదర్ అంటవేందిరా, తప్పు గాదు?” అని మనవణ్ణి కసిరేది.

తేడా చిన్నదేం కాదు. ఫాదర్‌కు గురుపట్టం ఉంటుంది, పూజ చేస్తాడు, పాపసంకీర్తనం వింటాడు. బ్రదర్‌కు అవేవీ లేవు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు మాటలు ఇచ్చి మఠంలో చేరతాడు. గాబ్రియల్ బడిని పెట్టిన సంఘంలో బ్రదర్ చేతికి వచ్చే ప్రధానమైన పని చదువు చెప్పడమే. బలిపీఠం లేని సన్యాసి. ఆయనకు నల్లబల్లే దిక్కు.

ఆ సంఘం కథ ఫ్రాన్స్‌లో మొదలవుతుంది. లూయీ మరీ ద మోంట్‌ఫోర్ట్ అనే ఫాదర్ లా రోషెల్ పట్నంలో బీద పిల్లలకు ధర్మబడులు నడిపాడు. 1716లో ఆయన పోయాక ఆ పని సన్నగిల్లింది. వందేళ్ల తర్వాత గాబ్రియల్ దెషే అనే మరో ఫాదర్ దాన్ని మళ్లీ నిలబెట్టాడు. సెయింట్ గాబ్రియల్ సోదరులన్న పేరు వాళ్లకు ఈయన పేరు మీదుగానే వచ్చింది. గాబ్రియల్ అంటే దేవదూత అని మాత్రమే మన పిల్లలకు తెలుసు. నడుమ ఒక ఫ్రెంచి మనిషి ఉన్నాడని చాలామందికి తెలియదు. దెషేకు చెవిటి, మూగ పిల్లల చదువు మీద పట్టింపు ఎక్కువ. ఆయన బ్రదర్లు చేతి సైగలతో పాఠాలు చెప్పడం నేర్చారు. 1903 నాటికి ఫ్రాన్స్ ప్రభుత్వం మఠాల బడులను మూయించసాగింది. వీళ్లు దేశాలు పట్టిపోయారు. ఆ ఏడే భారతదేశం చేరారు. అక్కడ మూతపడిన బడికి ఇక్కడ తలుపు తెరుచుకుంది.

కాజీపేట దాకా రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1952 డిసెంబరులో వరంగల్ మేత్రాసనం (డయోసిస్) ఏర్పడింది. మిలాన్ మిషనరీల సంఘానికి చెందిన ఇటలీ దేశస్థుడు అల్ఫోన్సో బెరెట్టా తొలి బిషప్‌గా వచ్చి మూడు దశాబ్దాల పైచిలుకు ఇక్కడే ఉన్నాడు. కెథడ్రల్ ఫాతిమా మాత పేరున వెలిసింది, దాన్నిబట్టి ఆ పేట ఫాతిమానగర్ అయింది. నాకు భలే ముచ్చటగా తోచే సంగతి ఒకటుంది. ఫాతిమా పోర్చుగల్‌లో ఒక ఊరు, అరబ్బుల ఏలుబడి నాటి పేరు. ఇక్కడ కాజీపేటేమో దర్గా కాజీగారి పేరున వెలిసిన ఊరు. క్రైస్తవుల పేట పేరు, అది ఉన్న ఊరి పేరు, రెండింటిలోనూ అరబ్బీ మాటే ఉంది. మా సుబేదారి మాత్రం తక్కువ తిన్నదా? నిజాం కాలపు సుబేదారు బంగళా పేరుతోనే ఇవాళ్టికీ బతుకుతోంది.

ఆ రోజుల్లో వరంగల్‌లో బయటివాళ్లు టీచర్లుగా రావడం చిన్న సంగతి కాదు. 1952లో ముల్కీ ఆందోళన ఇక్కడే అంటుకుంది. బయటి నుంచి వచ్చినవాళ్లకు టీచర్ ఉద్యోగాలు ఇస్తున్నారన్నదే తొలి కోపం. సరిగ్గా మూడేళ్లకు ఈ బ్రదర్లు వచ్చి బడి తెరిచారు. వాళ్లనెందుకు ఎవరూ పొమ్మనలేదో నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచిన జవాబు ఇది. వాళ్లకు ఇక్కడ ప్లాటు లేదు, అల్లుడు లేడు, ఉద్యోగం ఇప్పించాల్సిన బామ్మర్ది లేడు. జీతమొస్తే మఠానికే.

1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ ఊరికి వచ్చాయి. కాజీపేట అప్పటికే పెద్ద జంక్షన్. నా కొడుకు బెంచీలో ఒకడు రైల్వే గార్డు కొడుకు, ఇంట్లో తమిళం. ఒకడు ప్రొఫెసర్ కొడుకు, ఇంట్లో బెంగాలీ. మావాడు సుబేదారి పంతులు కొడుకు. ముగ్గురికీ కలిసే భాష ఇంగ్లీషే. ఆ బడి ఇంగ్లీషు గొప్పంతా బ్రదర్లది కాదంటాను, సగం రైలుపట్టాలది.

ఇక్కడే నాకు ముల్లు గుచ్చుకుంటుంది. మా బాపు ఉర్దూ మీడియం, నేను తెలుగు, నా కొడుకు ఇంగ్లీషు. నిజాం పోయి తెలుగు బడిలోకి వచ్చిందని మేము మురిసిన మురిపెం ఎంతో కాలం నిలవలేదు, అది మా ఇంట్లో ఒక్క తరానికే అయిపోయింది. తెలుగు మీడియం సారు కొడుకును ఇంగ్లీషు బడిలో వేశాడని స్టాఫ్‌రూమ్‌లో నన్ను ఆటపట్టించేవాళ్లు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. బీద పిల్లల కోసం పుట్టిన కాన్వెంటు చదువు దేశమంతటా ఫీజు కట్టగలిగిన ఇళ్ల చదువెట్లా అయిందన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. అడగాల్సినవాళ్లలో నేను లేను, క్యూలో నిలబడి అడ్మిషన్ ఫారం తెచ్చుకున్నవాణ్ణి.

ఒక సాయంత్రం నా కొడుకును తీసుకురావడానికి పోయాను. బడి వదిలి గంటయింది. గ్రౌండ్‌లో ఒక పెద్ద వయసు బ్రదర్, అంగీ అంచు ఎర్రమన్ను పట్టి, పిల్లల ఆట చూస్తూ ఉన్నాడు. నేనూ టీచర్‌నే అని చెప్పాను. “బడి అయినంక మీరేం చేస్తరు సార్?” అని యాస కలిసీ కలవని తెలుగులో అడిగాడు. ఇంటికి పోతానన్నాను. ఎగతాళేం లేదు, “మాకు ఇదే ఇల్లు” అన్నాడు.

ఆ మాట నన్ను చాలా ఏళ్లు వెంటాడింది. పాఠం చెప్పడం నాకూ వచ్చు. వ్యాకరణం నాకంటే బాగా చెప్పినవాళ్లు మా మండలంలో లేరని ఇప్పటికీ అనుకుంటాను. పాఠం అయ్యాక అక్కడే ఉండడం నాకు చేతకాలేదు. గంట కొట్టాక పిల్లవాడు వేరే మనిషి. ఎవడు ఒంటరిగా కూర్చున్నాడో, ఎవడు ఇంటికి పోవడానికి వెనకాడుతున్నాడో ఆ గంటలోనే తెలుస్తుంది. పంతులు పనిలో అసలు పనితనం అక్కడుంది. హాజరు పట్టీలో దానికి గడి లేదు.

బ్రదర్ అంటే అన్నే. అన్న అంటే అడవిలోకి పోయిన నక్సలైటని అర్థం చెప్పుకున్న జిల్లా మాది. అలాంటి చోట ఒక తరం పిల్లలు క్రమశిక్షణకు మారుపేరైన మనిషిని రోజూ ‘బ్రదర్’ అని పిలుస్తూ పెరిగారు. సార్ అన్నప్పుడు మధ్యన ఒక బల్ల ఉంటుంది, బ్రదర్ అన్నప్పుడు ఉండదు. అమ్మ కసిరినా, ఆ పిలుపు తప్పు కాదు.

అయితే బ్రదర్ల గొప్ప చెప్పి ఊరుకుంటే అన్యాయం. బ్రదర్‌కు పెళ్లాంపిల్లలు లేరు, గంట కొట్టాకా ఉండగలిగాడు. ఇల్లూ సంసారమూ ఉండి కూడా ఆ గ్రౌండ్‌లో నిలబడ్డ సార్లు, టీచరమ్మలు, గంట కొట్టిన మనిషి, నీళ్ల కుండలు నింపిన ఆయమ్మ, ఏ బడికైనా వీళ్లే వెన్నెముక. ఏ బడి వార్షికోత్సవ సంచికలోనైనా ముఖ్య అతిథికి పేజీ ఉంటుంది, వీళ్లకు ఉండదు.

గాబ్రియల్‌కు డెబ్బై ఏళ్లు నిండాయి. అక్కడ చదివినవాళ్లు హైదరాబాద్ నుంచి డల్లాస్ దాకా ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరైతే, మీ అమ్మానాన్నల ఇంట్లో బీరువా మీదో, పెట్టె అడుగునో పదో తరగతి గ్రూప్ ఫోటో ఉండే ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు దింపండి. చివరి వరసలో, తలుపు పక్కన నిలబడ్డ ఆ గంట కొట్టిన మనిషి పేరు గుర్తున్నవాడికి ఫోన్ చేయండి. ఆ పేరు ఫోటో వెనక రాసి పెట్టండి. పెన్సిల్‌తో వద్దు, ఇంకుతో.