భూమి రికార్డులు - పేరు కనిపించని వలసదారులు: ఒక విమర్శ

వలస సమాజాల చరిత్రకు భూమి రికార్డులు ముఖ్యమైన ఆధారం. ఎవరు, ఎప్పుడు, ఎంత భూమి కొన్నారో తెలిస్తే వారు స్థిరపడిన తీరు తెలుస్తుంది. అయితే రికార్డు ప్రధానంగా హక్కును నమోదు చేస్తుంది, శ్రమను కాదు. ఈ పరిమితిని మరచినప్పుడు చరిత్ర రచన దారి తప్పుతుంది. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది అమెరికాలోని కాలిఫోర్నియా. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనరాదని అక్కడ 1913లో చట్టం చేశారు. చట్టంలో జపాన్ పేరు లేదు, కాని గురి జపనీయులపైనే. 1920లో కౌలునూ నిషేధించారు. దాంతో చాలామంది జపాన్ రైతులు అక్కడే పుట్టి పౌరులైన తమ పిల్లల పేరిట భూమి కొన్నారు. దస్తావేజులో యజమాని పసిబిడ్డ. సాగుచేసిన తండ్రి ఆ గడిలో లేడు. అలాంటి ఒక బాలుడి హక్కును అమెరికా సుప్రీంకోర్టు 1948లో ఒయామా కేసులో సమర్థించింది.

రెండవది మనది. నిమ్మాడ, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలు 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా నుంచి వేలాదిమంది బర్మా వెళ్లి రంగూన్ రేవులోను, బియ్యం మిల్లుల్లోను కూలిపని చేశారు. 1930ల ఆర్థికమాంద్యంలో దిగువ బర్మా వరి పొలాల్లో దాదాపు నాలుగో వంతు అప్పుల కింద చెట్టియార్ల చేతికి వచ్చింది. అక్కడి భూమి రికార్డులను మాత్రమే చదివితే భారతీయ వలసదారు అంటే వడ్డీ వ్యాపారే అనిపిస్తుంది. 1930 రంగూన్ అల్లర్లలో దెబ్బలు తిన్న తెలుగు రేవు కూలీలు ఆ పుటల్లో కనిపించరు.

కాలిఫోర్నియాలో తండ్రి పేరును చట్టం తొలగించింది. బర్మాలో కూలీ పేరును పేదరికం చేరనివ్వలేదు. ఖాళీ ఒకటే, కారణాలు వేరు. ఆ కారణాన్ని అడగడమే ఆధార విమర్శ.

స్వగ్రామం రికార్డులకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జమీందారీ గ్రామాల్లో సర్వే జరిపి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారుచేశారు. సర్వే నంబరు వారీగా పట్టాదారు ఎవరో అందులో తెలుస్తుంది. ఆ భూమి బర్మా సంపాదనతో కొన్నదా అన్నది తెలియదు. ఏటా రాసే గ్రామ అడంగల్‌లో అనుభవదారు గడి ఉన్నా, నోటిమాట కౌలుదారు పేరు అందులోకి ఎక్కడం అరుదు.

కాబట్టి రికార్డును పక్కన పెట్టకండి, ఒంటరిగానూ చదవకండి. జనాభా లెక్కలు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, పెద్దల మౌఖిక కథనాలతో పోల్చండి. పేరు లేనివారికి చరిత్ర లేదని రాస్తే, రికార్డు చేసిన అన్యాయాన్ని మనమూ మరోసారి చేసినట్లే.

అభ్యాసం: మీ గ్రామంలోని ఒక సర్వే నంబరు తీసుకోండి. పట్టాదారు, సాగుచేసినవారు, పెట్టుబడి పెట్టినవారు ఒక్కరేనా? పెద్దలను అడిగి ఒక పుటకు మించకుండా రాయండి.