పాత గోడలకి పాఠాంతరాలు

కడప ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయం గురించి ఎవరు రాసినా దాదాపు ఒకే కథ రాస్తారు. బ్రౌన్ బంగళా పాడుబడి శిథిలమైంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనుకుని, ఊరూరా విరాళాలు పోగుచేసి, అదే స్థలంలో గ్రంథాలయం నిలబెట్టారు. 1987లో శంకుస్థాపన, 1995లో ప్రారంభం. నిజమైన కథే, గొప్ప కథే. కానీ ఇందులో పాత కట్టడం ఒక్క వాక్యంలో కూలిపోతుంది. నా పేచీ ఆ వాక్యంతోనే.

జనం ఆ బంగళాని ‘బ్రౌన్ కాలేజీ’ అనేవాళ్ళు. పరీక్షలూ పట్టాలూ లేని కాలేజీ అది. బ్రౌన్ సొంత డబ్బుతో పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకున్నాడు. ఒక కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించటం, పక్కపక్కన పెట్టి చదవటం, తేడాలు గుర్తించటం, శుద్ధప్రతి రాయించటం వాళ్ళ పని. వేమన పద్యాలు 1829లో 693 అచ్చువేసిన మనిషి, 1839లో 1164 వేశాడు. మొదటి అచ్చుతో పని అయిపోయిందనుకోలేదు.

ఈ పద్ధతికీ వంకలు పెట్టొచ్చు. నాలుగు ప్రతులు కలిపి ఒకటి చేస్తే, అంతకుముందు ఎవరూ చదవని ఐదో పాఠం పుట్టే ప్రమాదం ఉంది. అయితే బ్రౌన్ పోగుచేసిన ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరాయి కాబట్టి, ఈరోజు మనం ఆయనతో పోట్లాడగలం. ఫలానా పద్యం ఎందుకు వదిలేశావని అడగ్గలం.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది రోజూ ఉండేదే. పాత కోడ్ పీకేస్తాం, కొత్తది రాస్తాం. అందులో తప్పులేదు. కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీసేశారో గిట్‌లో ఉంటుంది. కట్టడాల విషయంలో ఆ లాగ్ మనమే పనిగట్టుకుని రాయాలి. శిథిలాన్ని అలాగే ఉంచాల్సిందని నేననను. పుస్తకాలకి పైకప్పు కావాలి, హనుమచ్ఛాస్త్రి దానికోసమే తిరిగారు. నాక్కావాల్సింది ఆ కథలో ఇంకో నాలుగు పేరాలు. గోడలు దేంతో కట్టారు, ఎంత మందం, పండితులు కూర్చున్న గదికి వెలుతురు ఎటునుంచి వచ్చేది, మిగిలిన రాయీ కర్రా ఎటు పోయాయి. మహానుభావుడి జీవితచరిత్ర రాసేటప్పుడు మనవాళ్ళు వీటిని చరిత్రగా లెక్కపెట్టరు.

ఇది కడపతో ఆగే సంగతి కాదు. కొమరోలు, గిద్దలూరు, మార్కాపురం వైపైనా, హైదరాబాదులోనైనా, పాత కాలేజీ లైబ్రరీలో మరమ్మతు అనగానే ముందు కదిలేవి పనికిరానివిగా కనిపించే వస్తువులే. దాత పేరు రాసున్న చెక్క బీరువా, యాక్సెషన్ రిజిస్టర్లు, కార్డుల సొరుగులు, పుస్తకం వెనక తేదీలు కొట్టిన స్లిప్పు. ఆ ఊళ్ళో ఏ ఏడు ఏ పుస్తకం ఎన్నిసార్లు చేతులు మారిందో చెప్పేది ఆ స్లిప్పే. పఠనాభిరుచి పడిపోయిందని వ్యాసాలు రాసే మనం, దాన్ని కొలవగలిగిన కాగితాన్నే తూకానికి వేస్తున్నాం.

ప్రతుల మధ్య తేడా గుర్తించటానికి బ్రౌన్ జీతాలిచ్చాడు. మనకి అంత ఖర్చు కూడా లేదు. మొదటి గడ్డపార పోటుకి ముందు ఒక్కరోజు, ఒక టేపు, ఒక ఫోను, రిజిస్టర్లు పెట్టటానికి తడి తగలని ఒక పెట్టె. కాంట్రాక్టరు ఎస్టిమేట్‌లో ఈ ఒక్క లైను చేర్పించటం ఆ కాలేజీ తెలుగు లెక్చరర్ పని, అక్కడ చదువుకున్న మన పని.