అచ్చుకు ముందు, అచ్చు తరువాత

నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి నుంచి 1922 ఆగస్టు 27న ‘తెనుగు పత్రిక’ వెలువడింది. ఉర్దూ రాజభాషగా ఉండి, పత్రికలపై సర్కారు నిఘా సాగుతున్న నిజాం రాజ్యంలో ఒక పల్లె తన వారపత్రికను తానే అచ్చువేసుకోవడం చిన్న సంగతి కాదు. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ఇంట్లోనే అచ్చుయంత్రం పెట్టుకుని, రాయడం మొదలుకొని చందాదారులకు ప్రతులు పంపడం వరకు అన్నీ తామే చూసుకున్నారు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పంక్తులుగా పేర్చడాన్ని కంపోజింగు అంటారు. గుణింతాలు, ఒత్తులు కలిసి అక్షరరూపాలు వందల్లోకి చేరే తెలుగులో అది ఇంకా ఎక్కువ చాకిరీ. రచయితే ఆ చాకిరీకి కూర్చున్నప్పుడు అనవసరపు విశేషణం ఎంత బరువో అతని వేళ్లకే తెలిసి ఉంటుందనుకోవడం అత్యుక్తి కాదు.

అయితే ఆ సోదరుల సాహసంలో యంత్రం కంటే గమనించదగినది వారు నడిపిన విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాల. గ్రంథమాల అంటే ఒకే పేరు కింద వరుసగా వచ్చే పుస్తకాల శ్రేణి మాత్రమే కాదు, ఇంకా అచ్చుకాని పుస్తకం కోసం ముందే డబ్బు కట్టడానికి సిద్ధపడిన పాఠకుల సమూహం కూడా. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి ఈ మార్గాన్నే అనుసరించింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించిన వట్టికోట ఆళ్వారుస్వామి మరో అడుగు వేసి, చిన్న చిన్న పుస్తకాలను తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. ప్రచురణకర్త కాళ్లు అరగడం కూడా ప్రచురణలో భాగమేనని ఆయనంత స్పష్టంగా నిరూపించినవారు అరుదు.

2016లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలుగా ఏర్పడేనాటికి అచ్చు సులువైపోయింది. ఒకే కాగితం మడతలో వచ్చే పదహారు పుటలను ఫర్మా అంటారు. ఆరు ఫర్మాలతో తొంభై ఆరు పుటల కవితా సంపుటి తయారవుతుంది, కవితలు చాలకపోతే మిగిలిన పుటలను పెద్దల అభిప్రాయాలతో నింపే ఆనవాయితీ ఎలాగూ ఉంది. డిజిటల్ ముద్రణ వచ్చాక వంద ప్రతులు మాత్రమే వేయించుకున్నా అడిగేవారు లేరు. ఖర్చు చాలావరకు రచయితదే; ఆవిష్కరణ సభలో శాలువాతోపాటు సగం ప్రతులు ఉచితంగా పంపిణీ అవుతాయి, మిగిలినవి అటక ఎక్కుతాయి. పత్రికలో ఒకసారి చదివించుకున్న కథకు ఈ దుస్థితి కొంత తక్కువ, కవిత్వానికి ఎక్కువ.

ఇలాంటి పుస్తకాల రెండో పుటలో ‘ప్రతులకు’ అన్న శీర్షిక కింద సాధారణంగా కనిపించేవి రచయిత ఇంటి చిరునామా, హైదరాబాదు దుకాణాల పేర్లు. భూపాలపల్లి బొగ్గుగని జీవితం మీద వచ్చిన కథల సంపుటి గని కార్మికుల కాలనీలో దొరకాలంటే, పాల్కురికి సోమనాథుడు, పోతన పేర్లను ప్రతి సభలోనూ స్మరించే జనగామ ప్రాంతంలో కొత్త కవి పుస్తకం కొనేవారు ఉండాలంటే, స్థానిక ప్రచురణ సంస్థ మొదట చేయవలసింది ముఖచిత్రం గీయించడం కాదు. బడి ఉపాధ్యాయులను, గని సంఘాలను, శాఖా గ్రంథాలయాల పాఠకులను కలిసి, తొలి ఫర్మా అచ్చుకు వెళ్లకముందే ఏడాదికి నాలుగు పుస్తకాల చందా రాయించుకోవడం, నాలుగూ చెప్పిన గడువుకు వారి చేతికి అందించడం.