వజ్రాల చేలు : ఒక ఉపన్యాసకుని విదేశయాత్రానుభవము

యాత్రాచరిత్రలను గూర్చి మన భాషలో కొంత విమర్శ జరిగినది. కాని యాత్రను గ్రంథముగా గాక ఉపన్యాసముగా మలచినవారి వాఙ్మయము పరిశోధకుల దృష్టి నంతగా ఆకర్షింపలేదు. వ్యాపారవిజయమును, స్వయంకృషిని ప్రబోధించుచు ఊరూర తిరిగెడి వక్తలు తఱచుగా తాము విదేశములలో చూచినదానిని చెప్పియే సభను వశపఱచుకొందురు. తాను ఫలానా దేశము పోయినప్పుడు ఇట్లు జరిగినదని వక్త చెప్పగనే ఆ మాట శ్రోతలకు ప్రమాణమగును. నేడు వ్యక్తిత్వవికాసమను పేర వ్యాప్తిలోనున్న ఈ ప్రసంగజాతికి మూలపురుషులలో నొకడు అమెరికాదేశీయుడగు రస్సెల్ కాన్వెల్ (1843–1925). అతని ప్రసిద్ధోపన్యాసము ‘ఏకర్స్ ఆఫ్ డైమండ్స్’, అనగా వజ్రాల చేలు. ఆంగ్లభాషలోని ఈ ప్రసంగముతో తెలుగు శాఖకు పని యేమని కొందఱు శంకింపవచ్చును. ఆ కథలోని వజ్రములు గోల్కొండవి. ఆ గోల్కొండతో మన ఖమ్మము, భద్రాచలముల అరణ్యసీమకు వేఱొక లెక్క కలదు. ఆ లెక్కనుబట్టి ఈ ప్రసంగమును పరిశీలింపవలెనని మా తలంపు.

కాన్వెల్ అమెరికా అంతర్యుద్ధమున సైనికుడు. పిమ్మట న్యాయవాది, పత్రికావిలేఖకుడు, తుదకు బాప్టిస్టు మతాచార్యుడు. 1884లో ఫిలడెల్ఫియాలో పనిపాటలు చేసికొనువారికి రాత్రివేళ చదువు చెప్పుట కారంభించి, దానిని టెంపుల్ విశ్వవిద్యాలయముగా పెంపొందించెను. ఈ యొక్క ప్రసంగమునే ఆఱువేలకుపైగా పర్యాయములు చేసెననియు, దానివలన వచ్చిన ధనమును విద్యార్థుల చదువులకు వెచ్చించెననియు ప్రతీతి. ఈ దాతృత్వమును విస్మరించి అతనిని విమర్శించుట న్యాయము కాదు.

ప్రసంగారంభమున అతడు తన యాత్రానుభవమును చెప్పును. కొందఱు ఆంగ్లేయ ప్రయాణికులతోగూడి టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల వెంట పోవుచుండగా, బాగ్దాదులో కుదుర్చుకొన్న వృద్ధుడగు అరబ్బు మార్గదర్శి కథలమీద కథలు చెప్పి విసిగించెనట. వక్త వినుట మానివేయగా, ముసలివాడు తలపైని టోపీ తీసి గిఱగిఱ త్రిప్పి, ఆప్తులకుమాత్రమే చెప్పెడి కథ యొకటి కలదని మొదలిడెనట. సింధునదికి సమీపమున అలీ హఫీద్ అను సంపన్నుడగు పారసీక కర్షకుడుండెను. ఒక వృద్ధ బౌద్ధాచార్యుడు వజ్రముల మహిమను వర్ణింపగా విని, ఆ రాత్రియే తాను దరిద్రుడనని భావించి, చేను అమ్మి, కుటుంబమును ఇరుగుపొరుగువారి కప్పగించి దేశములు తిరిగి, తుదకు బార్సిలోనాయొద్ద సముద్రమున పడి ప్రాణము విడిచెను. అతని చేను కొన్నవాడు ఒంటెకు నీరు పట్టుచు కాలువలో మెఱసెడి నల్లని రాతిని చూచి తీసికొనివచ్చెను. అది వజ్రము. గోల్కొండ గని అట్లు బయటపడినదని కథ. అలీ హఫీద్ ఇంటనే యుండి తన నేలను త్రవ్వుకొనియుండినచో చాలునని ఫలశ్రుతి.

కథాకథనమున కాన్వెల్ నేర్పరి. ఈ కల్పనాప్రణాళిక మనకు క్రొత్తది కాదు. నైమిశారణ్యమున సూతుడు శౌనకాదులకు చెప్పినట్లు, అచట ముసలి అరబ్బు చెప్పును, వక్త వినును, విన్నదానిని మఱల సభకు వినిపించును. టోపీ త్రిప్పుట మన హరిదాసు చిడతలు మ్రోగించి పిట్టకథ నెత్తుకొనుటవంటిది. కథలో తప్పున్నచో అది మార్గదర్శిది. నీతిలో బలమున్నచో అది వక్తది. యాత్ర చేయుటవలన అతనికి సమకూడిన లాభ మిదియే. ఆ రెండు మహానదుల తీరమున అతడు చూచిన యూళ్లేవి, పంటలేవి, పడవలెట్టివి, ఆ ముసలివానికి కూలి యెంత ఇచ్చెను? ఒక్కటియు లేదు. మన వీరాస్వామయ్య 1830–31లలో చెన్నపట్టణమునుండి కాశికి పోయివచ్చుచు, ఏ మజిలీలో మంచినీరు దొరకును, ఏ యూర దినుసులు లభించును అని వ్రాసికొనుచు పోయెను. ఆయన సుప్రీముకోర్టులో దుబాసి. ఎవరికిని ఉపదేశించుటకు బయలుదేరినవాడు కాడు. కాశీయాత్రచరిత్రలో ఏ నీతికిని పనికిరాని వివరములు కోకొల్లలు. ఆ పనికిరాని వివరములే ఆ గ్రంథమునకు ప్రాణము.

కాన్వెల్ కథలో దేశము అనావశ్యకమనుటకు పాఠాంతరమే సాక్ష్యము. ఇరువదవ శతాబ్దిలో ఎర్ల్ నైటింగేల్ అను మఱియొక అమెరికా ప్రబోధకుడు ఇదే కథను చెప్పెను. అతని పాఠములో కర్షకుడు ఆఫ్రికావాడు. పారసీకుడు పోయెను, బౌద్ధాచార్యుడు పోయెను, సింధునది పోయెను. అయినను కథకు లోపము కలుగలేదు. తాళపత్రప్రతులలో ఇట్టి భేదము కనబడినచో పరిష్కర్త యేమి నిర్ణయించును? మాఱినది అలంకారమనియు, మాఱనిది విషయమనియు గదా. కాన్వెల్ యాత్రానుభవము ఈ న్యాయమున అలంకారకోటిలో చేరును.

ఇక గోల్కొండ సంగతి. గోల్కొండ సింధుతీరమున లేదు. మఱియు గోల్కొండలో వజ్రపుగని యేనాడును లేదు. అది దుర్గము, రాజధాని, వజ్రముల విపణి. గనులు దూరమున, కృష్ణాతీరమున కొల్లూరు, పరిటాల మొదలగుచోట్ల నుండెను. ఖమ్మము ప్రక్కనుండి పాఱెడి మున్నేరు కృష్ణలో కలియుచోటికి దరిదాపులనే పరిటాల యున్నది. కొల్లూరు పులిచింతల జలాశయములో మునిగినది. ఆ గనులను స్వయముగా చూచి వ్రాసిన విదేశీయుడు ఫ్రెంచి వర్తకుడు జాన్ బాప్టిస్ట్ తవెర్నియే. అతని యాత్రాగ్రంథము 1676లో వెలువడినది. కొల్లూరు గని పుట్టుక నతడు చెప్పిన తీరు గమనింపదగినది. తనకు నూఱేండ్లకు పూర్వము ఒక పేదవాడు చిఱుధాన్యము విత్తుటకై నేల త్రవ్వుచుండగా ఇంచుమించు 25 కారెట్ల రాయి దొరికెనట. అతడు దానిని గోల్కొండకు కొనిపోయి ఒక వజ్రవర్తకునికి చూపెను. వార్త నలుదెసల వ్యాపించెను. అంతట ఆ ప్రాంతపు ధనవంతులు త్రవ్వకము లారంభించిరి. తవెర్నియే పోవునప్పటికి అచట ఆఱువదివేలమంది పనిచేయుచుండిరనియు, మగవారు త్రవ్వగా ఆడువారును పిల్లలును మన్ను మోయుచుండిరనియు వ్రాసినాడు.

కథ ఇంచుమించుగా అదియే: చేను, రాయి, గోల్కొండ. కాని తవెర్నియే కథలో చేను అమ్ముకొని పోయినవాడు లేడు. ఉన్నచోటనే యుండి, తన నేలనే త్రవ్విన పేదవాడున్నాడు. కాన్వెల్ చెప్పిన ధర్మమును అక్షరాల పాటించినవాడు! అతని పేరు గ్రంథమున కెక్కలేదు. వార్త వ్యాపించిన పిదప కథలో కనిపించువారు ధనవంతులు, వారి వెనుక మన్ను మోయు ఆడువారు, పిల్లలు.

తవెర్నియే సాధువు కాడు. లాభమునకై వచ్చిన వర్తకుడు. ఐనను రామళ్లకోటగా గుర్తింపబడిన మఱియొక గనియొద్ద పనివానికి ఏడాదికి మూడు వరహాలే ముట్టుననియు, క్రయముపై రాజునకు నూటికి రెండు చెల్లింపవలెననియు అతడు గుఱుతించెను. అచటనే ఊరినడుమ చెట్టుక్రింద ప్రతిదినము ప్రొద్దుట పదిమొదలు పదునాఱేండ్ల వయస్సుగల వర్తకుల కుఱ్ఱవాండ్రు తూనికరాళ్ల సంచితో, వరహాల సంచితో కూర్చుండి రాళ్లను బేరమాడుటను ముచ్చటగా వర్ణించెను. తూచవలసినవాడు, సుంకము కట్టవలసినవాడు, మోసపోకుండ జాగ్రత్తపడవలసినవాడు కనుక, అతడు కనులు తెఱచి చూడక తప్పినది కాదు. కావున వ్యాపారదృష్టి యాత్రానుభవమును చెఱచునను సామాన్యాభిప్రాయము మాకు సమ్మతము కాదు. చెఱచునది ఉపదేశదృష్టి. చెప్పవలసిన నీతి ముందే నిశ్చితమైయున్నవానికి దేశాటనము దృష్టాంతసేకరణమేయగును. ఒక్క విషయమున కాన్వెల్‌ను మెచ్చుకొనవలెను. ప్రసంగింపబోవు ఊరికి ముందుగాపోయి, తపాలా అధికారిని, క్షురకుని, పూటకూటింటివానిని, బడిపంతులును పలుకరించి స్థానికవిషయములు తెలిసికొనుట అతని అలవాటు. తన దేశపు పల్లెటూరియెడ చూపిన ఈ శ్రద్ధలో పదియవ వంతు బాగ్దాదుయెడ చూపినాడు కాడు.

ఆంగ్లభాషలో గోల్కొండ అనుమాటకు తఱుగని నిధియని అర్థమేర్పడినది. భద్రాచలముపోవు యాత్రికునికి ఆ మాట వినగానే తోచునది చెఱసాల. ఖమ్మము జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, తానీషా (1672–1687) ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహసీలుదారుగానుండి, సర్కారు పైకముతో రామాలయము కట్టించి, ఆ నేరమునకు గోల్కొండలో బంధింపబడెనని సంప్రదాయము. ఒకే కోట, ఒకే కాలము. 

భద్రాచలమునకును దొరకిన నిధి కథ యొకటి కలదు. పోకల దమ్మక్క యను అడవిస్త్రీకి పుట్టలో శ్రీరామవిగ్రహము లభించినదనియు, ఆమె పందిరి వేసి తాటిపండ్లు నివేదించెననియు స్థలపురాణము. ఇదియు ఇంటిముంగిట నిధి దొరకిన కథయే. కాని ఆమె దానిని అమ్మలేదు. దానివలన ధనవంతురాలు కాలేదు. కాన్వెల్ కథనమున ఇట్టి నిధికి చోటు లేదు. అతని దృష్టిలో ధనార్జనము కర్తవ్యము. అమెరికాలో పేదవాడు తన లోపమువలననో ఇతరుల లోపమువలననో పేదవాడైనాడని అతని వాదము. ప్రసంగములో మమ్ము మిక్కిలి కలవరపెట్టినది అలీ హఫీద్ మరణము కాదు, ఈ వాదము.

దీనిని ఈ అడవిలోనే పరీక్షించి చూడవచ్చును. చేను అమ్ముకొని పోవలదని అతని హితవు. కోయలు, కొండరెడ్లు నివసించు ఏజెన్సీలో ఆ మాట చెప్పుటకు శాసనమే చేయవలసివచ్చినది. 1959లో వచ్చిన భూబదలాయింపు నిబంధనలు, 1970 సవరణతో, షెడ్యూల్డు ప్రాంతములలోని భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని కట్టడి చేసినవి. ఆ భూములు పోయినది వజ్రముల యాశచేత కాదు, అప్పుచేత, మోసముచేత. 1941 ప్రాంతమున పాపికొండల రెడ్ల నడుమ నివసించి 1945లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించిన ఆస్ట్రియాదేశీయుడు హైమెండార్ఫ్, వెదురు, కలప వర్తకుల అప్పులలో వారు చిక్కుకొన్న విధమును విపులముగా చిత్రించెను. అతడును విదేశయాత్రికుడే; కాని నెలల తరబడి ఒకేచోట నుండి, అప్పు లెక్కలు అడిగి తెలిసికొన్నవాడు. 2014లో ఖమ్మము జిల్లానుండి ఏడు మండలములను, వానిలో కొన్నింటిని భాగశః, పోలవరము నిమిత్తము ఆంధ్రప్రదేశ్‌లో చేర్చిరి. అచటి ముంపు గ్రామములవారికి ఇంటనే యుండి నీ నేల త్రవ్వుకొనుమను ఉపదేశమును ఏ వక్త యే ముఖముతో చెప్పగలడు?

ఈ సీమలో నిజముగనే నేలక్రింద నిధి యున్నది: ఇల్లెందు బొగ్గు. భద్రాచలమునకు పోవు యాత్రికులు దారిలో వంటకై రాళ్లు పేర్చి పొయ్యి వెలిగింపగా, ఆ నల్లరాళ్లే అంటుకొన్నవని జనశ్రుతి. కాన్వెల్ కథలోని నల్లని రాతికన్న ఈ రాళ్లు మాకు ఎక్కువ నమ్మదగినవిగా తోచును. పొయ్యిరాళ్లుగా వాడదలచినవారు వానిలో నిధిని వెదకలేదు గదా. భూగర్భపరిశోధనశాఖకు చెందిన విలియం కింగు 1871లో అచటి బొగ్గును నిర్ధారించెను. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీకి గనిహక్కు లభించెను. 1889లో తవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చినది. పరిశోధకవిద్యార్థు లెవరైన ఇల్లెందు, కొత్తగూడెముల పెద్దలనుండి ఆ పొయ్యి కథ పాఠాంతరములను సేకరించినచో మంచిపని యగును. యాత్రికులు ఏ యూరివారు, ఏమి వండుకొనుచుండిరి, మంట చూచి ఏమనుకొనిరి అను ప్రశ్నలకు ఏ కథకు డెట్లు బదులు చెప్పునో వ్రాసికొనవలెను. ఆ బొగ్గుపొరలలో ఒకదానికి కింగు సీమ్ అని పేరు.