తెరమీది రేసు: బుద్ధ్ సర్క్యూట్ ఆటలో నిజమెంత?

వీడియో ఆటల వల్ల కాలం వృథా అవుతుందనీ, కళ్ళు చెడతాయనీ పెద్దలు అంటారు. వాటితో చురుకుదనం పెరుగుతుందని ఆడేవాళ్ళు అంటారు. ఈ వాదాన్ని కాసేపు పక్కన పెట్టి ఒక ఆటను భౌతికశాస్త్రం గీటురాయి మీద పరీక్షిద్దాం. అందులో ఏది శాస్త్రం, ఏది కల్పన అన్నది తేల్చుకోగలిగితే, ఆడే గంట కూడా చదువులో భాగమే అవుతుంది.

మనం తీసుకునే ఆట పేరు 'ఎఫ్-వన్ 2011'. బ్రిటన్‌కు చెందిన కోడ్‌మాస్టర్స్ సంస్థ దీన్ని 2011 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 యంత్రాలకూ, కంప్యూటర్లకూ విడుదల చేసింది. ఇందులో మనకు ప్రత్యేక ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ ఈ ఆటలో ఉంది. అక్కడ మొదటి ఫార్ములా వన్ పందెం జరిగింది 2011 అక్టోబరు 30న. అంటే అసలు కార్లు ఆ బాట మీద పందెం ఆడకముందే మన పిల్లలు తెరమీద ఆడేశారన్నమాట!

ఆకర్షణ ఎక్కడుంది?

ఈ బాటను రూపొందించినవాడు జర్మన్ శిల్పి హెర్మన్ టిల్కె. పొడవు 5.125 కి.మీ., మలుపులు 16. మూడో మలుపు దగ్గర బాట పైకెక్కుతుంది. అక్కడినుంచి నాలుగో మలుపు దాకా కిలోమీటరుకు పైగా తిన్నని దారి. 2011లో సెబాస్టియన్ వెటెల్ అర్హత పోటీలో ఈ చుట్టును 1 నిమిషం 24.178 సెకన్లలో పూర్తిచేశాడు. లెక్క కట్టి చూడండి. మలుపులన్నీ కలుపుకొని కూడా సగటు వేగం గంటకు 219 కి.మీ. వస్తుంది.

ఈ ఎత్తుపల్లాల్నీ మలుపుల క్రమాన్నీ ఆట చక్కగా పట్టుకుంది. మంచి గుణం ఇంకొకటుంది. కారు నెమ్మదిగా తిరిగే మలుపులో జారుతుంది, వేగంగా తిరిగే మలుపులో నేలను అంటిపెట్టుకుంటుంది. ఇది తప్పనుకునేరు, నూటికి నూరుపాళ్ళు శాస్త్రమే. మామూలు కారును మలుపులో నిలిపేది టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ ఒక్కటే. ఘర్షణ గుణకం 0.8, మలుపు వ్యాసార్ధం 50 మీటర్లు అనుకుంటే గంటకు 71 కి.మీ. దాటగానే కారు పక్కకు జారిపోతుంది. పందెపు కారుకు ముందూ వెనకా రెక్కలుంటాయి. విమానం రెక్క పైకి లేపితే ఇవి కారును కిందికి నొక్కుతాయి. ఈ ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి వేగం హెచ్చినకొద్దీ పట్టు కూడా హెచ్చుతుంది.

2011 నాటి కార్లలో బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే గతిజశక్తిలో కొంత దాచుకునే ఏర్పాటు ఉండేది. నిబంధనల ప్రకారం చుట్టుకు 400 కిలోజౌళ్ళు, 60 కిలోవాట్ల సామర్థ్యంతో వాడుకోవచ్చు. శక్తిని సామర్థ్యంతో భాగించండి. ఆరున్నర సెకన్ల పైచిలుకు! ఆ కొద్ది సెకన్లను చుట్టులో ఎక్కడ ఖర్చుపెట్టాలి? ఆట ఈ ప్రశ్నను ప్రతి చుట్టులోనూ మీ ముందుంచుతుంది. పాఠ్యపుస్తకంలో ఒక పంక్తిగా ఉండే శక్తినిత్యత్వం ఇక్కడ గెలుపోటముల సంగతి అవుతుంది.

లోపాలు

మొదటి లోపం శరీరానికి సంబంధించినది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఫార్ములా వన్ డ్రైవరు మీద గురుత్వానికి సుమారు ఐదు రెట్ల బలం పనిచేస్తుంది. హెల్మెట్‌తో కలిసి తల బరువు 6 కిలోలనుకుంటే మెడ 30 కిలోలను ఆపుతున్నట్లు లెక్క. కారు జారడం మొదలైన సంగతి కంటికన్నా ముందు అతని వీపుకూ లోపలిచెవికీ తెలుస్తుంది. ఆటలో మీకు దొరికేది చేతిలోని మీటల వణుకు మాత్రమే. బొమ్మల సంగతీ అంతే. సెకనుకు 30 బొమ్మలు చూపే తెరమీద గంటకు 300 కి.మీ. వేగంతో పోతుంటే ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య కారు దాదాపు 2.8 మీటర్లు దాటిపోతుంది.

రెండోది, ఆటలోని బాట మరీ శుభ్రం. 2011 అక్టోబరు 28న మొదటి సాధనలో అసలు బాటమీద ఎక్కడ చూసినా దుమ్మే. పైగా ఒక వీధికుక్క లోపలికి వచ్చి పరుగులు తీయడంతో సాధన ఆపవలసి వచ్చింది! ఉత్తరభారతంలో అక్టోబరు గాలికి దుమ్ము, పొగ సహజం. టైరుకూ తారుకూ మధ్య దుమ్ము చేరితే ఘర్షణ ఎలా తగ్గుతుందో ఆట మన బాట విషయంలో చెప్పలేకపోయింది. గీతలను బట్టి బాట ఆకారాన్ని కట్టవచ్చు గాని, ఆ ఊరి గాలిని కట్టలేం.

మూడో లోపం అన్నిటికన్నా పెద్దది. కారు గోడకు కొట్టుకుంటే ఒక మీట నొక్కి కాలాన్ని వెనక్కి తిప్పవచ్చు. కష్టస్థాయిని బట్టి ఇన్నిసార్లని పరిమితి ఉన్నా సౌకర్యం మాత్రం ఉంది. దెబ్బలు తగలకుండా చేసుకునే వీలూ ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇది మేలే. చేసిన పొరపాటును వెంటనే సరిదిద్దుకోవచ్చు. కాని దీనివల్ల మనసులో ఒక తప్పు లెక్క నాటుకుంటుంది.

ఆ సర్క్యూట్ పక్కనుంచే ఆగ్రాకు 165 కి.మీ. యమునా ఎక్స్‌ప్రెస్ వే పోతుంది. 2012 ఆగస్టులో ప్రారంభమైంది. విశాలంగా, తిన్నగా ఉంటుంది. అచ్చం ఆటలోని దారిలాగే! కాని అక్కడ తిరిగేవి రెక్కలున్న కార్లు కావు. గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు 28 మీటర్లు. ముందున్న ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక్క సెకను పట్టిందనుకోండి, ఆ 28 మీటర్లూ పోయినట్లే. ఆ పైన ఆగడానికి మంచి రోడ్డుమీద కూడా ఇంకో 50 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది, ఆగే దూరమూ అంతే. శీతాకాలపు పొగమంచులో పది గజాల ముందున్న లారీ కనిపించని రోజులుంటాయి. అక్కడ వెనక్కి తిప్పే మీట లేదు.

తీర్పు

బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ పందెం 2011 నుంచి 2013 దాకా మూడేళ్ళే జరిగింది. మూడింటిలోనూ వెటెల్‌దే గెలుపు. తర్వాత పందేల పట్టికలోంచి భారతదేశం పోయింది. 2014 నాటి ఆటలోంచి బాట కూడా పోయింది. 2023లో మోటోజీపీ మోటారుసైకిళ్ళ పందెం అక్కడ జరిగింది గాని ఫార్ములా వన్ కార్లతో ఆ చుట్టు తిరగాలంటే పాత డిస్కులే దిక్కు. ఆ విధంగా ఈ ఆటకు చరిత్ర విలువ కూడా ఉంది.

బలాలు ఎలా పనిచేస్తాయో చూపడంలో ఆట మంచి ఉపాధ్యాయుడే. ఫలితాలు ఎలా ఉంటాయో చెప్పడంలో మాత్రం నమ్మదగినది కాదు. కనుక దీన్ని ప్రయోగశాలలా వాడుకోండి. సహాయాలన్నీ తీసేసి, ఒకే తిన్నని దారిలో గంటకు 100, 200, 300 కి.మీ. వేగాల దగ్గర బ్రేకు వేసి, ఆగే దూరాలను బాట పక్కనున్న గుర్తులతో పోల్చి రాసుకోండి. వేగం రెట్టింపైనప్పుడు దూరం నాలుగు రెట్లు అవుతోందా? అంతకన్నా తక్కువ వస్తే ఎందుకో ఆలోచించండి. రెక్కల గురించి పైన చెప్పుకున్నది గుర్తు తెచ్చుకుంటే జవాబు మీకే దొరుకుతుంది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వేసుకోండి: మీ ఇంటి ముందు నిలిపిన బండికి ఆ రెక్కలు ఉన్నాయా?